అన్న వెనక చిన్న కారు

పత్తికొండలో వాసుదేవ్ ఇల్లెక్కడని అడిగితే నలుగురు నాలుగు దిక్కులు చూపిస్తారు. చిన్న కారు శెట్టి ఇల్లెక్కడంటే వీధిలో ఆడుకునే పిల్ల కూడా తీసుకుపోయి గుమ్మం ముందు వదిలిపెడుతుంది. మనిషికి నలభై ఏడేళ్ళు, కారుకు ఇరవై రెండేళ్ళు. అయినా ఊళ్ళో పలుకుబడి కారుదే.

ఆయనకు టమాటా మార్కెట్లో ఒక మండీ ఉంది. పొద్దున్నే రైతులు గంపలు దించుతారు, ఎండెక్కేసరికి బేరం ముగుస్తుంది, లారీలు వెళ్ళిపోతాయి, రైతులు ఉత్త గంపలతో, ఉత్త ముఖాలతో బస్సెక్కుతారు. అంతటితో వాసుదేవ్ జీవనోపాధి అయిపోతుంది. ఆ తర్వాత మొదలయ్యేది జీవితం. అంటే అన్న వెనక తిరగడం.

ఏ అన్న అని అడక్కండి. ఈ సీమలో తాలూకాకొక అన్న ఉన్నాడు, అందరినీ ఒకే అచ్చులో పోసినట్టుంటారు. ఈ అన్న పదిహేనేళ్ళలో మూడు పార్టీలు మారాడు. వాసుదేవ్ కూడా మూడుసార్లు మారాడు. మారిన ప్రతిసారీ మొదట్నుంచీ తన సిద్ధాంతం ఇదేనని మండీలో గుమాస్తాలకు వివరించాడు. పాత కండువాలు మాత్రం పారేయలేదు. మెత్తటి గుడ్డ, కారు అద్దాలు తుడవడానికి బాగుంటుంది.

ఇంత తిరిగినందుకు ఆయన కోరిందల్లా ఒకటే. మార్కెట్ యార్డు కమిటీలో వ్యాపారుల తరఫున మెంబరు పదవి. జీతం లేదు, జీపు లేదు. ఒక గది, ఒక ఫ్యాను, దాని కింద ఒక కుర్చీ. గోడ మీద బోర్డులో తెల్ల రంగుతో పేరు. ఆ బోర్డు మీద తన పేరుకు ఎన్ని అంగుళాల చోటు పడుతుందో కూడా ఆయన చూసి పెట్టుకున్నాడు.

ఆ పదవికి దరఖాస్తు ఉండదు, పరీక్ష ఉండదు. అన్న కారు దిగి చొక్కా సవరించుకుంటూ వెనక్కి ఒకసారి చూస్తాడు. ఆ చూపులో ఎవరు పడితే వాళ్ళు అన్న మనుషులు. పడనివాళ్ళు ప్రజలు. చూపు ఎంతసేపుంటుందంటే, రెండు చేతుల మడతలు సరిచేసుకునేంత సేపు. ఆ చూపులో పడాలంటే నీ బండి అన్న బండితో పాటే ఆగాలి.

వాసుదేవ్ కారు ఎప్పుడూ అట్లా ఆగలేదు. అన్న కాన్వాయ్ నూటపది, నూటిరవైలో పోతుంది. ఈ ఎనిమిది వందల సీసీ కారు డెబ్బై దాటితే డోర్లు గడగడలాడుతాయి, ఎనభై దాటితే డ్రైవరు గడగడలాడుతాడు. వాసుదేవ్ సభ దగ్గరికి చేరేసరికి అన్న మాట్లాడడం అయిపోయి, జనం చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. పెళ్ళికైతే విస్తళ్ళు ఎత్తేస్తూ ఉంటారు. పరామర్శకైతే ఏడ్చేవాళ్ళు కూడా ఏడుపు ముగించి టీ తాగుతూ ఉంటారు.

పెద్ద కారు కొనుక్కోవచ్చు కదా అంటారు మీరు. ఆయన భార్య పద్మప్రియ కూడా అదే అంది. అనేవాళ్ళకు రాజకీయం తెలియదు.

పదహారేళ్ళ కిందట ఆలూరు దారిలో అన్న జీపు చెడిపోయింది. ఆ సమయానికి ఆ దారిన వచ్చిన పుణ్యాత్ముడు వాసుదేవ్. అన్న ఈ కారులో, ముందు సీట్లో, పదకొండు కిలోమీటర్లు కూర్చున్నాడు. వేయించిన శెనక్కాయలు తిన్నాడు, పొట్టు కింద పోశాడు. దిగేటప్పుడు బానెట్ మీద రెండు తట్లు తట్టాడు. అంతే. ఆనాటి నుంచి అన్నకు ఈ కారు గుర్తు. కారు గుర్తే గాని మనిషి గుర్తులేడు. డోన్‌లో ఒక పెళ్ళిలో వాసుదేవ్ ఒట్టి మనిషిగా ఎదురుపడి నమస్కారం పెడితే, "ఏ ఊరప్పా మీది" అన్నాడు అన్న. అదే సాయంత్రం కారు పక్కన నిలబడి నమస్కారం పెడితే, "ఏం శెట్టీ, బాగుండావా" అన్నాడు. దీన్నిబట్టి వాసుదేవ్‌కు అర్థమైంది, తన ముఖం తన భుజాల మీద లేదు, నాలుగు చక్రాల మీద ఉంది. కారు మారిస్తే ముఖం మారిపోతుంది.

"అయితే ఆ కారునే మెంబరు చెయ్యమనండి," అంది పద్మప్రియ, కందిపప్పులో రాళ్ళేరుతూ. "కమిటీ మీటింగుకు డ్రైవరుగా మీరు పోదురు గాని."

శ్రావణంలో అన్న పీఏ మహానంది ఫోన్ చేశాడు. వచ్చే నెల రెండో శుక్రవారం కమిటీ లిస్టు వస్తుందట. ముందు రోజు గురువారం కర్నూలులో పెద్ద మీటింగు. పత్తికొండ నుంచి కాన్వాయ్ బయలుదేరుతుంది. "ఎవురెవురు ఎంబడి వస్తారో అన్న చూస్తాడప్పా. చూసినాంకనే లిస్టు. నువ్వు మాత్రం మీటింగు అయినాంక రావద్దు," అన్నాడు.

వాసుదేవ్ కారు తీసుకుని ఆదోని రోడ్డులో గాబ్రియేలు షెడ్డుకు పోయాడు.

గాబ్రియేలుకు అరవై దాటాయి. డీజిలు, పెట్రోలు, ట్రాక్టరు, బోరు మోటారు, చర్చిలో హార్మోనియం, ఏది చెడినా ఆయన చేతికే వస్తుంది. ఆదివారం పని చెయ్యడు, మిగతా ఆరు రోజులు ఎవరి మాటా వినడు.

"ఎంత పోవల్ల?" అన్నాడు.

"నూటిరవై."

"యాడికి?"

"అన్న యాడికి పోతే ఆడికి."

గాబ్రియేలు బానెట్ ఎత్తి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు, శవాన్ని చూసినట్టు. "శెట్టీ, ఇది నూటిరవై పోవల్లంటే దీన్ని లారీ మింద ఎక్కించుకొని పోవల్ల."

"ఇంజను మార్చు. పెద్దది పెట్టు."

"పెద్దది పెడితే ఇంగ ఇది ఈ కారు కాదప్పా."

"పైన రేకు అదే గదా ఉండేది. అన్న చూసేది రేకునే."

"లోపల ఏమున్నా పర్వాలేదంటావు."

"లోపల ఎవురు చూస్తారు గాబ్రేలూ."

ఆ మాటకు గాబ్రియేలు ఆయన్ను ఎగాదిగా చూసి, "మీ అన్న కాడ బాగానే నేర్చినావు," అన్నాడు.

ఇద్దరూ బస్సులో కడపకు పోయారు. కారులో పోదామని వాసుదేవ్ అన్నాడు గాని, తిరిగొచ్చేది ఉంటే బస్సే మంచిదని గాబ్రియేలు అన్నాడు. కడపలో పాత ఇనప సామాన్ల సాయిబు దగ్గర, రాయచోటి దారిలో పల్టీ కొట్టిన ఒక పొడుగు కారు పడి ఉంది. వెనక భాగం అప్పడంలా అణిగిపోయింది. ముందు భాగం కొత్త పెళ్ళికొడుకులా ఉంది. పదమూడు వందల సీసీ, నాలుగు సిలిండర్లు. గాబ్రియేలు పురికొస వేసి పొడవూ వెడల్పూ కొలిచాడు, ఆయిల్ తీసి వేళ్ళ మధ్య రాచి వాసన చూశాడు, బాగుందన్నాడు.

దేంట్లో పెడతారని సాయిబు అడిగాడు. చెప్పారు. ఆయన తాగుతున్న టీ పక్కన పెట్టాడు.

"భాయ్, ఆ కారు నా బీరువా అంత బరువు ల్యా. దాంట్లో ఇది పెడితే ముందర ఇంజను పోతాది, దాని ఎనక కారు పోతాది, దాని ఎనక మీరు పోతారు. నాకేం, మళ్ల నా కాడికే వస్తాది గదా ఇనుము. తీస్కపోండి."

షెడ్డులో ఇనప దూలానికి చైను కప్పీ కట్టి పాత ఇంజను పైకి లాగితే, అది గాలికి ఊగింది. కొత్తది లాగితే దూలం మూలిగింది. ఆ తర్వాత పద్దెనిమిది రోజులు ఆ కారు కారులా లేదు. ఇంజను కూర్చునే చోట్లు కోసి, కొత్త ఇనుము పెట్టి వెల్డింగ్ చేశారు. బ్యాటరీకి చోటు లేక డిక్కీలోకి పోయింది. పెద్ద రేడియేటరు పెట్టేసరికి ముందు జాలీ మూతి ముడుచుకున్నట్టు బయటికొచ్చింది. చివరికి బానెట్ మూతపడలేదు. గాబ్రియేలు దాన్ని నడిమిట్లో కోసి, నీళ్ళ డ్రమ్ము రేకు వంచి ఒక గుబ్బ అతికించాడు. తెల్ల కారు మీద నీలి గుబ్బ. రోడ్డున పోయేవాళ్ళు ఆగి, కారుకు గూని వచ్చిందని, ఈ వయసులో రాక తప్పదని పరామర్శించి పోయారు. గాబ్రియేలు గుబ్బకు తెల్ల రంగు కొడతానంటే వాసుదేవ్ సంతోషించాడు. ముఖం కదా, మచ్చ ఉండకూడదు.

సోమవారం మొదటిసారి స్టార్ట్ చేసే ముందు గాబ్రియేలు చేతులు తుడుచుకుని కళ్ళు మూసుకున్నాడు. "ప్రభువా, ఈయప్ప అడిగినాడు, నేను చేసినా. ఎవురి తప్పు ఎవురి మింద వెయ్యల్లో నీకు తెలుసు," అని కళ్ళు తెరిచి తాళం తిప్పాడు. షెడ్డులో డబ్బాలన్నీ ఒక్కసారి ఉలిక్కిపడ్డాయి. వాసుదేవ్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన పెళ్ళిలో కూడా ఆయన అంత కదలిపోలేదు.

"ఆపు," అని గాబ్రియేలు ఇంజను ఆపేశాడు. "ఇది సగం పనే అయినాది. బ్రేకులుండాయి ఇంగా. ఈ బ్రేకులు ఆ పాత ఇంజనుకు చేసినవి. ఆ స్పీడుకు ఇవి చాలవు. ముందర పెద్ద డిస్కులు కావల్ల, బూస్టరు కావల్ల, పైపులు కావల్ల. మళ్ల కడపకు పోవల్ల. పదైదు దినాలు టైమియ్యి."

"గురువారం కాన్వాయ్ ఉండాది."

"కాన్వాయ్ ఉంటే బ్రేకులొద్దా?"

వాసుదేవ్ నవ్వాడు. తెలివైనవాడు తెలివి తక్కువవాణ్ణి చూసి నవ్వే నవ్వు. "గాబ్రేలూ, నువ్వు ఎప్పుడన్నా కాన్వాయ్‌లో పోయినావా?"

"నాకేం ఖర్మ."

"అందుకే నీకు తెలీదు. కాన్వాయ్ యాడా ఆగదప్పా. గేటు కాడ ఆగదు, టోలు కాడ ఆగదు, మనిసి అడ్డమొచ్చినా ఆగదు. బయలుదేరిన కాడ బయలుదేరితే దిగే కాడ నిదానంగా ఆగుతాది, అంతే. నడిమిట్లో బ్రేకుతో పనేముంది?"

పదిహేనేళ్ళుగా ఈ రోడ్డు పక్కన కూర్చుని ఆ కాన్వాయ్‌ను గాబ్రియేలూ చూస్తున్నాడు. శెట్టి చెప్పినదాంట్లో అబద్ధం ఏదీ ఆయనకు కనపడలేదు. అదే ఆయన్ను భయపెట్టింది.

"నా మాట విను శెట్టీ. అరవై దాటొద్దు," అన్నాడు.

"అరవైకి పాతదే పోతాండె గదా," అని వాసుదేవ్ తాళాలు తీసుకున్నాడు.

గురువారం పొద్దున గెస్ట్ హౌస్ నుంచి పద్నాలుగు బండ్లు బయలుదేరాయి. ముందు పైలట్ జీపు, దాని వెనక అన్న తెల్ల కారు, ఆ వెనక కాంట్రాక్టర్లు, క్వారీల వాళ్ళు, సారా దుకాణాల వాళ్ళు, అంటే ప్రజాసేవకులు. అందరివీ ఎత్తయిన నల్ల బండ్లు. చివరన, ఎనుముల మంద వెనక దూడలా, చిన్న కారు.

ఊరు దాటగానే బండ్లన్నీ ఎప్పటిలాగే ఎగిరిపోయాయి. దేవనకొండ రోడ్డు మీద ఎద్దులబండి పొలంలోకి దిగింది, స్కూలు పిల్లలు ముళ్ళకంపలోకి దిగారు, ఎర్ర బస్సు పక్కకు ఒరిగి నిలబడింది. ఇన్నాళ్ళూ అందరూ దారి ఇచ్చాక వాళ్ళ ముఖాల మీది దుమ్ము చూసుకుంటూ పోవడం వాసుదేవ్ వంతు. ఇవాళ ఆయన నాలుగో గేరులో కాలు నొక్కాడు.

సీటు వీపును తోసింది. పద్నాలుగో బండి పదమూడైంది. పదమూడు పన్నెండైంది. క్వారీ ఆయన కిటికీలోంచి చూసి నోరు తెరిచాడు. మల్లెపూల దండ కట్టుకున్న నల్ల బండిని దాటేటప్పుడు వాసుదేవ్ హారన్ కూడా కొట్టాడు. ముల్లు నూట పదిహేను దగ్గర వణుకుతోంది. గాలికి బానెట్ గుబ్బ ఈల వేస్తోంది. పది నిమిషాల్లో ఆయన అన్న కారుకు సరిగ్గా వెనక, మూడో బండి. మధ్యలో ఎవడూ లేడు. అన్న తల వెనక భాగం, పల్చబడిన జుట్టు, స్పష్టంగా కనిపిస్తోంది. తిరుపతిలో కూడా ఆయనకు ఇంత దగ్గరి దర్శనం దొరకలేదు.

ఫోన్ మోగింది. మహానంది, ముందు కారులోంచే.

"ఏమప్పా శెట్టీ, ఎనకాల ఉండేది నువ్వేనా? అన్న అద్దంలో చూసినాడు."

"ఏమన్నాడు?"

"నవ్వినాడు."

అన్న నవ్వాడు. బోర్డు మీద తెల్ల అక్షరాలు ఆరకముందే వాసుదేవ్ కళ్ళకు కనపడ్డాయి.

గుట్ట మలుపు తిరగ్గానే రోడ్డు ఎర్రగా ఉంది.

రెండు ట్రాక్టర్ల టమాటాలు రోడ్డుకు అడ్డంగా పోసి, వాటి వెనక యాభై మంది రైతులు కూర్చుని ఉన్నారు. ఆడవాళ్ళే ఎక్కువ. పోయిన ఏడు ఎన్నికలప్పుడు అన్న పోతున్న కారులోంచే చెయ్యి ఊపి, టమాటా ఫ్యాక్టరీ తెస్తానన్నాడు. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఈ దారిలో కారు దిగలేదు. మార్కెట్లో ధర పడిపోయి, కోత కూలీ కూడా రాక, కాయలు చేన్లోనే కుళ్ళుతున్నాయి. వాళ్ళు అడిగేది పెద్దదేం కాదు. అన్న ఒకసారి కారు దిగి ఈ కాయల్ని చూడాలి. అంతే.

పైలట్ జీపు బ్రేకు వేసింది. అన్న కారు బ్రేకు వేసింది. వెనక పదకొండు బండ్లు కీచుమంటూ ఆగాయి. పదిహేనేళ్ళలో మొదటిసారి కాన్వాయ్ నడిమధ్యలో ఆగింది.

వాసుదేవ్ రెండు కాళ్ళూ ఎత్తి బ్రేకు మీద నిలబడ్డాడు. అది రాయిలా ఉంది. అన్న తల వెనక భాగం పెద్దదవుతూ వచ్చింది. ఆయన స్టీరింగు ఎడమకు తిప్పాడు. చిన్న కారు మట్టిలోకి దిగి, అన్న కిటికీ పక్కనుంచి జానెడు దూరంలో దూసుకుపోయి, పైలట్ జీపును దాటి, హారన్ మోగిస్తూ పోయింది. జనం లేచి చెల్లాచెదురయ్యారు. కారు టమాటా రాశిలో మూతి పెట్టి, అద్దాల దాకా కూరుకుపోయి, ఒక నిట్టూర్పు విడిచి ఆగింది. చక్రాల్లోంచి పొగ లేచింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. రైతుల టమాటా ఆ ఏడు ఒక మనిషికి పనికొచ్చింది.

ఒక చెయ్యి కాయలు తోసి కిటికీ అద్దం మీద తట్టింది. ఈరక్క. ఏడేళ్ళుగా వాసుదేవ్ మండీకే గంపలు తెచ్చే రైతు.

"ఎవురప్పా లోపల? ఓ, మన శెట్టే. బతికుండావా?"

"ఉండా ఈరక్కా."

"దిగు మరి."

నలుగురు కలిసి డోరు లాగారు. వాసుదేవ్ దిగి, వెనక్కి చూశాడు. దూరంగా పద్నాలుగు బండ్లకు గాను పదమూడు నిలబడి ఉన్నాయి. ఒక్క డోరూ తెరుచుకోలేదు. బ్రేకు పడలేదని చెబితే ఈ యాభై మంది నవ్వుతారు, సాయంత్రానికి తాలూకా నవ్వుతుంది.

"ఎట్లొచ్చినావు ఇట్ల?" అంది ఈరక్క.

"అన్న పంపించినాడు."

"మాట్లాడేదానికా?"

"ఆ. ముందర నువ్వు పోయి చెప్పు, ఎనకాల నేను దిగి వస్తా అన్నాడు."

గుంపులో గుసగుస పుట్టింది. ఒక ముసలాయన చేతిలోని చెంబు వాసుదేవ్‌కు ఇచ్చి నీళ్ళు తాగమన్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు కొంగులు సర్దుకున్నారు. యాభై మంది తెల్ల కారు వైపు తిరిగి నిలబడ్డారు, డోరు తెరుచుకుంటుందని.

ఈరక్క మాత్రం తిరగలేదు. చక్రాల దగ్గర వంగి పొగ చూసింది, ముక్కు చిట్లించింది. కొడుకు ట్రాక్టరు తోలుతాడు, ఆ వాసన ఆమెకు తెలుసు.

వాసుదేవ్ ఫోన్ మోగింది. "ఎవున్నడిగి అన్నను దాటినావప్పా?" మహానంది గొంతులో నవ్వు లేదు. "కిటికీ పక్కలో రాసుకొని పోయినావు. అన్న బీపీ మాత్ర మింగినాడు. వాళ్ళతో ఏం చెప్పినావు, అందరూ లేసి నిలబడినారు?"

"అన్న దిగి వస్తాడని."

అవతల ఫోన్ ఆగిపోయింది.

ఆ తర్వాత కాన్వాయ్ వెనక్కి తిరగడం మొదలైంది. ముందుకు పోవడం తప్ప ఎరగని బండ్లు. ఇరుకు రోడ్డు, అంచున మట్టి దాటితే రెండు పక్కలా గుంత. ఒకదానికొకటి అడ్డంపడి, ఒకటి గుంతలోకి చక్రం దింపి, ప్రజాసేవకులు కిటికీల్లోంచి ఒకరినొకరు తిట్టుకుని, పావుగంట పట్టింది. అంతసేపూ యాభై మంది నిలబడి చూశారు. చివరికి పదమూడు బండ్లూ దుమ్ము లేపుకుంటూ, డోన్ మీదుగా హైవే ఎక్కడానికి వెళ్ళిపోయాయి. దిగి చూడడానికి రెండు నిమిషాలు చాలేది. ఆ ముక్క అక్కడున్న ప్రతి మనిషికీ తట్టింది. ముసలాయన వచ్చి తన చెంబు తను తీసుకున్నాడు.

గంటలో ఎస్సై వచ్చాడు. రాస్తారోకో చేసినవాళ్ళను వరసగా నిలబెట్టి పేర్లు రాసుకుంటూ వాసుదేవ్ దగ్గర ఆగాడు. "నువ్వు కాన్వాయ్ మనిషివా, ధర్నా మనిషివా?"

"కాన్వాయ్ సార్. అన్నను అడగండి."

ఎస్సై మహానందికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. తెల్ల చిన్న కారు, బానెట్ మీద గుబ్బ ఉంది, మీదేనా అని అడిగాడు. మహానంది పక్కకు తిరిగి ఎవరినో అడిగిన చప్పుడు. వెనక నుంచి అన్న గొంతు నిదానంగా, స్పష్టంగా వినపడింది. "ఆ కారు నేను ఎప్పుడూ చూళ్ళేదు."

యాభై మందీ విన్నారు. వాసుదేవ్ నేల వైపు చూశాడు. బానెట్ ముందు రాశిలోంచి ఒక టమాటా జారి దొర్లింది.

ఎస్సై కారు కాగితాలు తీయించి, కానిస్టేబుల్‌ను కాయలు తోసి బానెట్ ఎత్తి చూడమన్నాడు. కాగితంలో ఒక ఇంజను నంబరు, లోపల ఇంకొకటి. "ఓహో. పైన ఒకరిది, లోన ఒకరిది. దొంగ బండి కేసు కూడా పెట్టుకుందామా శెట్టీ?"

"కడపలో కొన్నది సార్. రశీదు ఉండాది. ఆర్టీఓ ఆఫీసులో రాయించల్యా, అంతే."

"యాడున్నాయో రశీదులు, స్టేషన్‌లో చూసుకుందాం. ముందు, ధర్నాలో ఎందుకున్నావో చెప్పు. ఊరికే వచ్చి జనం మీదికి తోలినావంటే అదింకో కేసు. పెద్దది."

ఈరక్క ఆయన పక్కకొచ్చి, పెదవులు కదలకుండా అంది: "బ్రేకు పడల్యా గదా నీకు."

వాసుదేవ్ పొగ లేచిన చక్రాల వైపు చూశాడు.

"నేను సారుకు ఇంకో మాట చెప్తా. ఈయప్ప మా పక్క వచ్చినాడు, అన్న దారికి తన కారే అడ్డం పెట్టినాడు అని. జనమంతా ఔనంటారు. కాని రేపట్నుంచి నీ మండీలో తువ్వాలు ఉండకూడదు."

తువ్వాలంటే ఏమిటో మార్కెట్ తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. వాసుదేవ్ మండీలో వేలం పాడరు. మండీ మనిషీ, బయటి ఊరి బేరగాడూ చేతులు కలుపుకుని, పైన తువ్వాలు కప్పుకుంటారు. లోపల వేళ్ళు నొక్కుకుంటాయి, ధర తేలిపోతుంది. కాయలు పండించినవాడు ఎదురుగా నిలబడి తువ్వాలు కదలడం చూస్తాడు. తాతల నాటి పద్ధతి. ఎవరి తాతలో మాత్రం ఎవరూ అడగరు.

"అది నా ఒగని మండీ కాదు ఈరక్కా, అందరూ..."

"సార్," అంది ఈరక్క గట్టిగా, ఎస్సై వైపు తిరిగి.

"సరే," అన్నాడు వాసుదేవ్. "సరే. తువ్వాలు తీస్తా."

"నోటితో పాడతావా?"

"పాడతా."

"సార్, ఆయప్ప మావోడే. రాసుకో."

మొదటి ముద్దాయి ఈరక్క, రెండో ముద్దాయి వాసుదేవ్, తండ్రి రామసుబ్బయ్య. ఇనప చైనుతో కారును స్టేషన్‌కు లాగడానికి గాబ్రియేలును పిలిపించారు. ఆయన రాశిలోంచి కారును బయటికి తీస్తూ ఇంజను మీద చెయ్యి పెట్టి చూశాడు. "దీనికేం కాలేదప్పా. మంచి ఇంజను," అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని వాసుదేవ్‌కు అనిపించింది.

రాత్రికి పూచీకత్తు రాయించుకుని ముద్దాయిలందరినీ వదిలేశారు. శుక్రవారం పొద్దున కమిటీ లిస్టు వచ్చింది. వ్యాపారుల తరఫున మెంబరు క్వారీ ఆయన. టమాటాకూ కంకరకూ తేడా ఉందని ఆ లిస్టు రాసినవాళ్ళకు ఎవరూ చెప్పినట్టు లేదు. వాసుదేవ్ దాన్ని ఫోన్‌లో రెండుసార్లు చదివాడు. జిల్లా పేపర్లో మూడో పేజీలో, రైతుల కోసం కారు అడ్డం పెట్టిన వ్యాపారి అని నాలుగు లైన్లు వచ్చాయి. పద్మప్రియ ఆ ముక్క చదివి, ఆయన ముఖం చూసి, కాఫీ ఇచ్చి లోపలికి పోయింది. నవ్వు చప్పుడు వంటింట్లోంచి చాలాసేపు వచ్చింది.

ఆయన నడుచుకుంటూ మండీకి పోయాడు. రోజూ పాతిక గంపలు దిగే చోట ఆ పూట గంపల మీద గంపలు. నిన్నటి యాభై మంది, వాళ్ళ పక్క ఊళ్ళ వాళ్ళు, అందరూ ఆయన మండీ ముందే దించారు. పక్క మండీలు వెలవెలబోతున్నాయి. వాటి యజమానులు గడపల్లో నిలబడి, కొంపలు కూల్చేవాణ్ణి చూసినట్టు ఆయన్ను చూస్తున్నారు. హైదరాబాదు బేరగాడు అలవాటుగా తువ్వాలు విప్పి, దాని కింద చెయ్యి చాచాడు.

వాసుదేవ్ ఆ చెయ్యి చూశాడు. ఎదురుగా గంప మీద కూర్చున్న ఈరక్కను చూశాడు. ఇంతమంది కళ్ళు ఒకేసారి తన మీద పడడం ఆయనకు జీవితంలో అదే మొదటిసారి.

చెయ్యి చాచలేదు. గొంతు సవరించుకుని ఒక ధర చెప్పాడు.

"వినపడల్యా శెట్టీ," అంది ఈరక్క.

ఇంకొంచెం గట్టిగా చెప్పాడు. గట్టిగా చెప్పేటప్పటికి అంత తక్కువ ధర పలకడానికి ఆయనకే సిగ్గేసి, ఇంకొంచెం పెంచి చెప్పాడు. బేరగాడు తువ్వాలు భుజాన వేసుకుని, ఇదేం పద్ధతప్పా అని గొణిగాడు.

ఈరక్క చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకుని ముందుకు వంగింది. ఆమె వెనక ఉన్నవాళ్ళు కూడా ఒకరొకరే చేతులు చెవుల దగ్గర పెట్టుకున్నారు.